ప్రశ్నపత్రముపై పిల్లలు వ్రాయవచ్చునా?

(మన పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాట్లాడబోవు విషయము చూచుటకు చాల చిన్నది. ఇంతమందిని పనులు మాన్పించి పిలిపించి ఇదా చెప్పుట అని కొందరికి తోచవచ్చును. కాని అయిదవ తరగతి పిల్లల తల్లిదండ్రులు ప్రవేశపరీక్ష ముగిసిన మరునాడు నన్ను తప్పక అడుగు ప్రశ్న ఇదియే గనుక, ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పుటకంటె అందరికి ఒకసారి చెప్పుట మేలని తలచితిని.

ఒకరు వచ్చి, "సార్, మా పాప ప్రశ్నపత్రము మీదనే లెక్కలు చేసినదట. ఆ పేపరు చెల్లునా, కొట్టివేయుదురా?" అని భయముతో అడుగుదురు. వారు వెళ్ళిన గడియకే ఇంకొకరు వచ్చి, "ప్రశ్నపత్రము మీద ఏమియు వ్రాయకూడదని మావాడు లెక్కలన్నియు మనస్సులోనే చేసినాడట సార్. సగము వదలివేసినాడు" అని విచారపడుదురు. ఒకే పరీక్ష, ఒకే గది, పక్కపక్క బల్లలు. ఒకరికి వ్రాసినందుకు భయము, మరియొకరికి వ్రాయనందుకు దుఃఖము. పరీక్షకు ముందు మనము చెప్పవలసిన రెండు మాటలు ఎవరును చెప్పకపోవుటయే ఈ రెంటికిని మూలము.

నా సమాధానము ముందే చెప్పివేయుదును. ప్రశ్నపుస్తకములో చిత్తుపనికని స్థలము విడిచిపెట్టి, అక్కడ చేసికొనవచ్చునని సూచనలలో అచ్చువేసియున్నప్పుడు పిల్లలు అక్కడ వ్రాయవచ్చును, వ్రాయవలెను కూడ. జవాబుపత్రము మీద మాత్రము అడిగిన వివరములు, నింపవలసిన వృత్తములు తప్ప ఒక చుక్కయైనను పెట్టరాదు. సూచనలలో ఏమియు లేకపోయినను, అర్థము కాకపోయినను గదిలోని పర్యవేక్షకుని అడుగవలెను. ఇంతే. కాని ఈ ఇంత మాట మన పిల్లల చెవికి ఎట్లు చేరును, ఏ భాషలో చేరును అన్నదే అసలు సంగతి.

మన పిల్లలు ఎక్కువగా వ్రాయునది నవోదయ ప్రవేశపరీక్ష. 1986 నాటి జాతీయ విద్యావిధానముతో దేశమంతట వ్యాపించిన ఈ విద్యాలయములలో కనీసము నూటికి 75 స్థానములు గ్రామీణ బాలబాలికలకు కేటాయించియున్నారు. ఒక విద్యాలయములో ఆరవ తరగతికి చేర్చుకొనునది 80 మందిని మాత్రమే. పాత బళ్ళారి జిల్లాకు ఏర్పడిన విద్యాలయము కూడ్లిగి తాలూకా చిక్కజోగిహళ్ళిలో నున్నది. 2021లో విజయనగర జిల్లా ఏర్పడినప్పుడు కూడ్లిగి ఆ జిల్లాలోనికి పోయినది గనుక, దరఖాస్తు పెట్టువారు ప్రతి సంవత్సరము ఆ యేటి ప్రకటన చదివియే పెట్టవలెను. పోయిన యేడు పక్కింటివారు పెట్టినట్లు పెట్టరాదు.

ఆ పరీక్షలో మూడు భాగములు. మానసిక సామర్థ్యమునకు 40 ప్రశ్నలు, గణితమునకు 20, భాషకు 20. మొత్తము 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటల కాలము. అనగా ఒక ప్రశ్నకు ఒకటిన్నర నిమిషము. తప్పు జవాబునకు మార్కులు కోయరు. మరియొక నియమము కలదు, దానిని మీరు మరువరాదు: ఒక బిడ్డ ఆరవ తరగతి కొరకు ఈ పరీక్షను జీవితములో ఒక్కసారియే వ్రాయగలడు. రెండవ అవకాశము లేదు. ఎస్.ఎస్.ఎల్.సి. తప్పినవానికి మరల వ్రాయు దారి కలదు. పదేండ్ల ఈ పిల్లవానికి లేదు. అందుచేత చిత్తులెక్క ఎక్కడ చేయవలెనన్న సందేహముతో పోయిన పది నిమిషములు తిరిగిరావు.

కొందరు సైనిక పాఠశాలల పరీక్షకు కూడ పంపుచున్నారు. మనకు ఇటు విజయపుర, కొడగు. అటు ఆంధ్రలో కలికిరి, కోరుకొండ. ఆరవ తరగతి ప్రవేశమునకు 125 ప్రశ్నలు, 300 మార్కులు, 150 నిమిషములు. అందు గణితమునకే 50 ప్రశ్నలు, 150 మార్కులు. ఆరవ తరగతి పరీక్షను 13 భాషలలో వ్రాయవచ్చును. తెలుగును కన్నడమును రెండును వానిలో నున్నవి. 2021 నుండి బాలికలకును ఈ పాఠశాలలన్నిటి తలుపులు తెరచినారు గనుక, మన ఆడపిల్లల తండ్రులు కూడ ఈ సంగతి వినదగును.

ఈ రెండు పరీక్షలలోను జవాబులు గుర్తించుటకు వేరుగా ఓ.ఎం.ఆర్. పత్రమిత్తురు. దానిని మనిషి దిద్దడు, యంత్రము చదువును. ఈ యంత్రము పుట్టుక కొంచెము చెప్పినచో పిల్లల భయము సగము పోవును. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున రెనాల్డ్ జాన్సన్ అను ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడుండెను. మనవంటివాడే, సైన్సు చెప్పువాడు. పిల్లల జవాబులు దిద్ది దిద్ది విసిగి, పెన్సిలు గీతలోని నల్లసీసము గుండ విద్యుత్తు ప్రవహించును గదా, ఆ ప్రవాహమును బట్టి గుర్తు ఎక్కడ పెట్టినారో యంత్రము కనిపెట్టవచ్చునని ఆలోచించెను. చిన్నతనమున మోటారుకార్ల స్పార్కు ప్లగ్గుల మీద పెన్సిలుతో గీతలు గీసి బండి కదలకుండ చేసిన కొంటెతనమే ఆయనకు ఈ ఊహ నిచ్చినదని చెప్పుదురు. ఐ.బి.యం. సంస్థ ఆయనను చేర్చుకొని 1938లో 805 అను యంత్రమును బజారులోనికి తెచ్చినది. అల్లరి పిల్లలను చూచి మనము మరీ నిరాశపడనక్కరలేదు!

ఆనాటి యంత్రమునకు పెన్సిలు కావలసియుండెను. నేటి యంత్రము వెలుతురుతో చూచును. ఎక్కడ నలుపున్నదో దానిని బట్టి లెక్కించును. నవోదయ పరీక్షలో ఓ.ఎం.ఆర్. పత్రము మీద నీలి లేక నల్ల బాల్‌పాయింటు కలమునే వాడవలెను. పెన్సిలు వాడుట నిషేధము. కలముతో నింపిన వృత్తమును తరువాత ఎవరును తుడిచి మార్చలేరను రక్షణ ఇందులో కలదు. అదే సమయమున, పిల్లవాడు కూడ మార్చుకొనలేడు. ఒకటి నింపి, తప్పని తోచి, రెండవది నింపినచో రెండును పోవును. కాబట్టి తొందరపడి నింపుటకంటె చిత్తులో లెక్క చేసి నిశ్చయించుకొని నింపుట శ్రేయము. ఇక్కడ మీరు గమనింపవలసిన ముఖ్య విషయమేమనగా, యంత్రము ఎదుటకు పోవునది జవాబుపత్రము మాత్రమే. ప్రశ్నపుస్తకము దాని కంటబడదు. ప్రశ్నపుస్తకములో మీ పాప వేసిన హెచ్చవేతలు, భాగహారములు మార్కులను పెంచవు, తగ్గింపవు.

అట్లైనచో ప్రశ్నపత్రము మీద వ్రాయరాదను మాట ఎక్కడనుండి వచ్చినది? అది అబద్ధము కాదు. వేరే పరీక్షల నియమము ఇక్కడికి వచ్చినది. మన బోర్డు పరీక్షలలో ప్రశ్నపత్రము మీద రిజిష్టరు నంబరు తప్ప మరేమియు వ్రాయవద్దని చెప్పుదురు. దానికి కారణము స్పష్టమే. జవాబులు ప్రశ్నపత్రముపై వ్రాసి పక్కవానికి అందించుట, ముందుగా బయటికి పోవువాడు దానిని కిటికీలోనుండి విసరుట మొదలైన దుర్మార్గములు ఈ దేశమున తక్కువ కాదు. పర్యవేక్షకులలో అనేకులు ఏండ్ల తరబడి ఆ పరీక్షలలోనే పనిచేసినవారు. ఆ అలవాటు ప్రకారము పదేండ్ల పిల్లల గదిలో కూడ అదే వాక్యము గట్టిగా పలుకుదురు. పుస్తకములో ఖాళీ స్థలమున్నదని వారికి తెలియక కాదు. గట్టిగా పలుకుట వారి ఉద్యోగధర్మములో భాగమైపోయినది.

ఇక మన ఇండ్లలోని అలవాటు చూడుడు. అచ్చుపుస్తకము సరస్వతి. కాలు తగిలిన కన్నుల కద్దుకొందుము. అన్న చదివిన పుస్తకము తమ్మునికి, తమ్మునిది పక్కింటి పిల్లకు పోవును గనుక గీతలు గీసినవానికి దెబ్బలు తప్పవు. ఇది మంచి అలవాటే. నేను దీనిని ఆక్షేపించుట లేదు. తెలుగు మాధ్యమ పుస్తకములు చేతికి వచ్చుట ఆలస్యమగు ఊళ్ళలో పాత పుస్తకము విలువ మీకు తెలిసినదే. కాని ఆ అలవాటు పడిన పిల్ల, పరీక్షగదిలో మెరయుచున్న క్రొత్త ప్రశ్నపుస్తకమును చూచి, దాని మీద కలము పెట్టుటకు వణకును. పెట్టినచో ఏదో మహాపరాధము చేసితినని ఇంటికి వచ్చి ఏడ్చును.

మరియొక వైపు ఈ రాష్ట్రములోనే కొన్ని పరీక్షలలో ప్రశ్నపత్రము మీదనే జవాబులు వ్రాయించినారు. నలి-కలి తరగతులలో చిన్నపిల్లలు అభ్యాసపుస్తకములోనే వ్రాయుదురు. 2023 మార్చి చివర జరిగిన అయిదవ, ఎనిమిదవ తరగతుల మూల్యాంకనములో ప్రశ్నతో బాటే జవాబు వ్రాయుటకు స్థలమున్న పుస్తికల నిచ్చిరి. (ఆ పరీక్షలు న్యాయస్థానములలో వివాదములైనవి, ఆ గొడవ మనకిప్పుడు వద్దు.) 2021 జూలై 19, 22 తేదీలలో కరోనా కారణమున ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షనే ఓ.ఎం.ఆర్. పత్రములపై జరిపిరి, ఆనాడు పదవ తరగతివారికే చెమటలు పట్టినవి. ఇట్లు ఒకచోట ప్రశ్నపత్రము మీదనే వ్రాయుమందురు, ఒకచోట ముట్టవద్దందురు, ఒకచోట ఖాళీలో లెక్కలు చేసికొమ్మందురు. పెద్దలమైన మనమే తికమకపడుచుండగా పదేండ్ల బిడ్డ ఏమి చేయగలడు?

ఇంగ్లాండులో ప్రాథమిక విద్య ముగియు పదునొకండేండ్ల పిల్లలు జాతీయ పరీక్షలలో ప్రశ్నపుస్తకములోనే జవాబులు వ్రాయుదురు. అమెరికాలో కళాశాల ప్రవేశమునకై వ్రాయు శాట్ పరీక్ష కాగితముపై జరిగినంత కాలము ప్రశ్నపుస్తకములో ఎంతయైనను గీసికొనవచ్చును. 2024లో అచ్చట ఆ పరీక్ష కంప్యూటరులోనికి మారినప్పుడు చిత్తుకాగితములు వేరుగా ఇచ్చుచున్నారు. దీనివలన తేలునదేమనగా, ప్రశ్నపత్రముపై వ్రాయుట పాపమును కాదు, పుణ్యమును కాదు. అది ఆ పరీక్ష పెట్టువారు చేసిన ఏర్పాటు. ఏర్పాటును తెలిసికొని నడచుకొనవలెను. ఈ సంగతి పిల్లలకు చెప్పినచో వారి మనస్సు తేలికపడును.

"అయ్యా, చిత్తులెక్క లేకపోయిన నేమి? తెలివిగలవాడు మనస్సులోనే చేయడా?" అని ఒక పెద్దమనిషి నాతో వాదించినారు. వారు ధాన్యపు వ్యాపారము చేయువారు. వేల రూపాయల లెక్క నోటితోనే కట్టుదురు. వారి వయస్సుకు, అనుభవమునకు అది చెల్లును. 36, 48, 60 ఈ మూడింటి క.సా.గు. ఎంత అని అయిదవ తరగతి పిల్లవాని నడుగుడు. కాగితమున్నచో రెండు, రెండు, మూడు అని నిలువుగా భాగించుకొనుచు పోయి నిమిషములో 720 అని చెప్పును. కాగితము లేనిచో మధ్యలో ఒక సంఖ్య జారిపోవును. మరల మొదటినుండి ఎత్తుకొనవలెను. వానికి లెక్క రాక కాదు. నిలుపుకొనుటకు చోటు లేక.

మానసిక సామర్థ్యపు భాగములో ఈ అవసరము ఇంకను ఎక్కువ. అందులో బొమ్మలుండును. నాలుగింటిలో చేరనిది ఏది, సగము బొమ్మను పూర్తిచేయునది ఏది, అద్దములో చూచినచో ఎట్లు కనబడును, మడచి రంధ్రము చేసిన కాగితమును విప్పినచో రంధ్రములెక్కడ నుండును అని అడుగుదురు. ఖాళీ స్థలములో ఆ బొమ్మను చిన్నగా గీసికొని, నడుమ ఒక గీత గీచి చూచినచో జవాబు కన్నుల ముందర నిలుచును. పట్నములో శిక్షణకు పోయిన పిల్లలకు ఈ కిటుకులు నేర్పి పంపుదురు. మన ఊరి పిల్లకు నేర్పకపోగా, "ఏమియు గీయవద్దు" అని భయపెట్టి పంపినచో, ఆ రెండు గంటల పరుగుపందెములో మనమే దాని కాళ్ళు కట్టివేసినట్లు.

ఇప్పుడు భాష సంగతికి వచ్చెదను. మన సంఘము పుట్టినదే భాష కొరకు గదా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. హద్దు గీత కాగితము మీద తిన్నగానే యున్నది; ఇండ్లలో మాత్రము మనుమరాలు కన్నడము, జేజి తెలుగు. 1956లో ఏడవ సవరణచేత రాజ్యాంగములో 350-ఎ అను అధికరణము చేర్చి, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగునట్లు రాష్ట్రములు ఏర్పాట్లు చేయవలెనని విధించిరి. మన పాఠశాలకు ఆ వాక్యము ఊపిరివంటిది. కాని అది ప్రాథమిక దశకు సంబంధించినది. ఆ దశ ముగిసి బిడ్డ తదుపరి మెట్టు ఎక్కు గుమ్మమే ఈ ప్రవేశపరీక్ష. అక్కడ ప్రశ్నపుస్తకము తెలుగులో వచ్చినను, గదిలో పలుకు మాటలు కన్నడములో నుండును. అది సహజము, ఇది కన్నడ నాడు, పర్యవేక్షకులు కన్నడిగులు. వారిని తప్పుపట్టుటకు మనకు అధికారము లేదు. మన పిల్లలను సిద్ధము చేయుటకు మాత్రము బాధ్యత కలదు.

మన పిల్లలకు కన్నడము రాదా అందురు. వచ్చును. బజారు కన్నడము బాగుగా వచ్చును. బస్సులో, అంగడిలో, ఆటస్థలములో వారిని మించినవారు లేరు. పరీక్షగది కన్నడము వేరు. "ప్రశ్నె పత్రికె" అన్నచో ప్రశ్నపత్రము. తెలుగు పిల్లకు పత్రిక యనగా ఉదయమున వచ్చు వార్తాపత్రికయే తోచును. "వృత్తగళన్ను తుంబి" అనగా వృత్తములను నింపుడని అర్థము. "కడ్డాయ" అన్నచో తప్పనిసరి. విన్నంతనే ఏదో కర్రముక్కను గూర్చి చెప్పుచున్నారనుకొన్న బాలుడు మన బడిలోనే కలడు. "బరెయబేడి" అనగా వ్రాయవద్దని. "బరెయబహుదు" అనగా వ్రాయవచ్చునని. ఈ రెండు మాటలు చెవిలో పడునప్పుడు మొదటి సగము ఒకటే. గదిలో సందడిగా నున్నప్పుడు రెండవ సగము వినబడనిచో, బిడ్డ భవిష్యత్తు ఆ సగము మాట మీద వ్రేలాడును.

కొన్నేండ్ల క్రిందట జరిగిన ఒక సంగతి చెప్పుదును. ఊరి పేరు, కేంద్రము పేరు అనవసరము. ఒక ప్రవేశపరీక్షలో మన పిల్లవాడొకడు పర్యవేక్షకుడు చెప్పిన మాట సగము విని, ప్రశ్నపుస్తకముపై ఏమియు వ్రాయరాదని నిశ్చయించుకొనెను. లెక్క నిలుపుకొనుటకు చోటు కావలెను గదా, ఎడమ అరచేతిలో కలముతో అంకెలు వేసికొనెను. కొంతసేపటికి పర్యవేక్షకుడు ఆ చేతిని చూచి, ఇంటినుండి జవాబులు వ్రాసికొని వచ్చినాడని అనుమానించి లేపి నిలబెట్టెను. పిల్లవాడు భయముతో కన్నడము మరచెను, తెలుగు మరచెను. అదృష్టవశమున వేరొక ఉపాధ్యాయిని వచ్చి, అరచేతిలోని అంకెలు ఆ ప్రశ్నలోని లెక్కయే యని సరిచూచి వానిని కూర్చుండబెట్టినది. పావుగంట పోయినది. నియమము తప్పరాదని అంత జాగ్రత్తపడిన పిల్లవాడు దొంగగా నిలబడవలసి వచ్చెను. పుస్తకములో ప్రతి పుట అడుగునను చిత్తుపనికి స్థలము విడిచియే యుండినది.

అందుచేత మన బడిలో అయిదవ తరగతివారికి నాలుగు కన్నడ వాక్యములు కంఠపాఠము చేయించుచున్నాము. అందులో మొదటిది: "సార్, ఇల్లి రఫ్ వర్క్ మాడబహుదా?" ఇక్కడ చిత్తుపని చేసికొనవచ్చునా అని అర్థము. ఆడవారైనచో సార్‌కు బదులు మేడం. చేయి పైకెత్తి, లేచి నిలబడి, నెమ్మదిగా అడుగవలెను. ఇట్లు నేర్పుటను ఒక తండ్రిగారు ఇష్టపడలేదు. "పరీక్షగదిలో ప్రశ్నలు వేయు పిల్లను పొగరుబోతనుకొందురు సార్. నోరు మూసికొని వ్రాయుమని చెప్పుట మంచిది" అన్నారు. ఆయన భయము నాకు తెలియకపోలేదు. ఇతర భాషవారి మధ్య నివసించువారు తలవంచుకొని పోవుట క్షేమమని తరతరాలుగా నేర్చుకొన్నారు. కాని పరీక్ష ప్రారంభమునకు ముందు వినయముగా సందేహమడుగుట విద్యార్థి హక్కు. ఇన్నేండ్లలో అట్లడిగిన మా పిల్లలను కసిరిన పర్యవేక్షకుడు ఒక్కడును నాకు కనబడలేదు. కన్నడములో అడిగిన తెలుగు బిడ్డను చూచి సంతోషించినవారే ఎక్కువ.

పర్యవేక్షకుడు వద్దన్నచో? సూచనల పుట తీసి, చిత్తుపని అని అచ్చువేసిన చోటును వ్రేలితో చూపి మరల ఒకసారి అడుగవలెను. అప్పటికిని వద్దన్నచో వాదింపరాదు. కాలము విలువైనది. చిత్తుకాగితము ఇత్తురా యని అడిగి, ఇచ్చినచో దానిపై చేయవలెను. తరువాత మనకు చెప్పినచో, మనము పెద్దలము కేంద్రాధికారికి వ్రాతమూలకముగా తెలుపుదుము. ఆ పని పిల్లలది కాదు.

వ్రాయవచ్చునంటిని గదా యని ఏమైనను వ్రాయవచ్చునని కాదు. ప్రశ్నపుస్తకములో జవాబుల పక్కన టిక్కులు పెట్టుచు పోవు అలవాటు మాన్పింపవలెను. వెనుక బల్లవాడు చూచినచో ఇద్దరికిని ముప్పు. అంతకంటె పెద్ద ప్రమాదము, అన్నిటికి టిక్కులు పెట్టి చివరి పావుగంటలో ఓ.ఎం.ఆర్. పత్రములోనికి ఎక్కింపవచ్చుననుకొనుట. ఎనుబది వృత్తములు నింపుటకు చిన్న చేతులకు ఎంత సేపు పట్టునో ఇంటిలో గడియారము పెట్టి చూడుడు. ఒక ప్రశ్న చేయుట, దాని వృత్తము వెంటనే నింపుట, ఇదే పద్ధతి. రానిదానిని వదలినచో జవాబుపత్రములో కూడ ఆ వరుసను వదలవలెను. 17వ ప్రశ్న వదలి 18వ దాని జవాబును 17వ వరుసలో నింపిన పిల్ల అక్కడినుండి అన్నియు తప్పుగానే నింపుచు పోవును. చదువు వచ్చియు మార్కులు రావు. పది ప్రశ్నలకొకసారి సంఖ్య సరిచూచుకొనుమని మేము బడిలో చెప్పుచున్నాము.

పేరు, రోలు నంబరు చూపిన చోటనే వ్రాయవలెను. చిత్తుస్థలములో దేవుని పేరు, శ్రీకారము, తండ్రి పేరు వ్రాయు పిల్లలున్నారు. భక్తి మంచిదే గాని, పరీక్షాధికారులు దానిని గుర్తింపు చిహ్నమని శంకించుటకు అవకాశమీయరాదు. శ్రీకారము ఇంటిలో పలక మీద వ్రాయించి పంపుడు.

మీతో మనవి చేయవలసినవి కొన్ని కలవు. దరఖాస్తు నింపునప్పుడు ప్రశ్నపుస్తకపు భాష అను గడిలో ఏమి నింపుచున్నారో మీరే స్వయముగా చూడుడు. నెట్ సెంటరు కుర్రవాడు తొందరలో కన్నడమో ఆంగ్లమో నొక్కివేసినచో, అయిదేండ్లు తెలుగులో చదివిన బిడ్డ పరీక్షనాడు గుడ్లప్పగించి కూర్చుండును. ప్రవేశపత్రము వచ్చినప్పుడు మరల ఒకసారి చూడుడు. పుస్తకము చేతికి రాగానే ముందు భాష సరియైనదా యని చూచి, కానిచో వెంటనే చెప్పుమని బిడ్డకు నేర్పుడు. రెండవది, ఇంటిలో పాత ప్రశ్నపత్రములతో అభ్యాసము చేయించునప్పుడు అందలి ఖాళీ స్థలములోనే లెక్కలు చేయనిండు. పుస్తకము పాడగునని గదమాయింపవద్దు. పాఠ్యపుస్తకము వేరు, ప్రశ్నపుస్తకము వేరు అని ఒక్కమాట చెప్పినచో పిల్లలు గ్రహింతురు; వారు మనమనుకొన్నంత అమాయకులు కారు.

పరీక్ష ముగిసి బయటికి రాగానే, "ఎన్ని వచ్చినవి? ప్రశ్నపత్రము మీద ఎందుకు గీసితివి?" అని గేటు దగ్గరనే విచారణ మొదలుపెట్టవద్దు. ముందు నీళ్ళిచ్చి, ఏదైన తినిపింపుడు.

సంఘము వారు ఈ యేడు ఓ.ఎం.ఆర్. నమూనా పత్రములు అచ్చువేయించుటకు ధనమిచ్చుటకు అంగీకరించినారు. వారికి పాఠశాల పక్షమున కృతజ్ఞతలు. వచ్చు శనివారమునుండి ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటలపాటు అయిదవ తరగతివారికి గడియారము పెట్టి మాదిరి పరీక్ష జరుపుదుము. ఆ గదిలో సూచనలన్నియు మా కన్నడ పండితులు కన్నడములోనే చెప్పుదురు, గట్టి గొంతుతో, నిజమైన పర్యవేక్షకుని వలెనే. పిల్లలతో బాటు తల్లిదండ్రులలో ఎవరైన వచ్చి వెనుక బల్లలపై కూర్చుండి వినవచ్చును. రెండు బాల్‌పాయింటు కలములు, ఒక అట్ట తెచ్చుకొనవలెను. కాగితములు బడిలోనే ఇత్తుము.